అల్లరికి కూలి ఎవరిస్తున్నారు?



ఈరోజు మన ఇళ్లలో పెంచుకునే కుక్కల గురించి మాట్లాడుకుందాం. వాటి అల్లరి గురించి. ఆ అల్లరిని కొట్టకుండా, గొలుసుకు కట్టి పడెయ్యకుండా ఎట్లా మాన్పించవచ్చో చెప్పుకుందాం.

మాది అల్లూరు. నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉండే ఊరు. ఒకపక్క వరి మళ్లు. ఇంకోపక్క రొయ్యల గుంటలు. తూర్పుకు పోతే ఇస్కపల్లి, అక్కడ సముద్రం. ఇట్లాంటి ఊళ్లో కుక్క లేని వీధి ఉండదు. ఇంటి దగ్గర ఒకటి, గుంటల కాడ ఒకటి, గొర్రెల మంద వెంట ఒకటి. వీటికి తోడు ఈమధ్య కొత్త జాతులు కూడా వచ్చాయి. లాబ్రడార్లు వచ్చాయి. జర్మన్ షెపర్డులు వచ్చాయి. పొమేరియన్లయితే ఎప్పటినుంచో ఉన్నాయి.

పిల్లగా ఉన్నప్పుడు ముద్దుగా ఉందని తెచ్చుకుంటాం. కొన్ని నెలలు తిరిగేసరికి ఇంట్లో ఫిర్యాదులు మొదలవుతాయి. చెప్పులు కొరికేసిందంటారు. తులసికోట పక్కన గుంట తవ్విందంటారు. చుట్టాలొస్తే మీదికి ఎగబడుతోందంటారు. అన్నం తింటుంటే కంచంలో మూతి పెడుతోందంటారు. చేపలామె గేటు దగ్గరికొస్తే వీధంతా లేచేట్టు మొరుగుతోందంటారు.

అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఒక సామెత గుర్తు చేస్తారు. కుక్క తోక వంకర, దాన్నెవరు సరిచేస్తారు అని. ఆ సామెత తోక వరకు నిజమే. బుద్ధి విషయంలో మాత్రం నిజం కాదు. కుక్క రోజూ నేర్చుకుంటూనే ఉంటుంది. మనం నేర్పుతున్నామని అనుకోని గంటల్లో కూడా మన దగ్గరే నేర్చుకుంటుంది. మంచి అలవాటైనా, చెడ్డ అలవాటైనా చాలావరకు ఇంట్లోవాళ్లు నేర్పిందే.

అదెట్లాగో చెబుతాను. నాట్ల రోజులు గుర్తు తెచ్చుకోండి. కూలి సరిగ్గా ఇచ్చే రైతు పొలానికి మనుషులు పిలవకుండానే వస్తారు. పనిచేయించుకుని కూలి ఎగ్గొట్టే రైతు దగ్గరికి రెండోసారి ఎవరూ రారు. కుక్క లెక్క కూడా ఇదే. ఏ పనికి కూలి దొరికితే ఆ పని మళ్లీ చేస్తుంది. ఏ పనికి కూలి దొరకకపోతే ఆ పని మెల్లగా మానేస్తుంది. కుక్కకు కూలి అంటే డబ్బు కాదు కదా. ఒక అన్నం ముద్ద కూలి. తల నిమరడం కూలి. దాని వెంట పరిగెత్తడం కూలి. ఒక్కోసారి, వినండి, తిట్టు కూడా కూలే. పొద్దుటినుంచి ఎవరూ పట్టించుకోని కుక్కకు, తిట్టడానికైనా ఒక మనిషి తనవైపు తిరిగితే అదే పండగ.

అందుకని కుక్క ఏ అల్లరి చేసినా, కర్ర కోసం వెతికే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ అల్లరికి కూలి ఎవరిస్తున్నారు? ఆ కూలి ఆపాలి. దాని బదులు చేయదగిన పని ఒకటి చూపించి, ఆ పనికి కూలి ఇవ్వాలి. మళ్లీ చెబుతున్నాను. చెడ్డ పనికి కూలి ఆపాలి. మంచి పనికి కూలి ఇవ్వాలి. ఈ రెండూ కలిసి జరగాలి. ఒకటి చేసి ఇంకొకటి వదిలేస్తే పని కాదు.

ఇది శాస్త్రవేత్తలు పరీక్షించి చూసిన మాట. అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే ఆయన 1898లో పిల్లులతో ఒక ప్రయోగం గురించి రాశారు. ఆకలిగా ఉన్న పిల్లిని చెక్కపెట్టెలో పెట్టేవారు. బయట తిండి ఉండేది. లోపల ఒక గొళ్లెమో, తాడో కదిలిస్తే తలుపు తెరుచుకుంటుంది. పిల్లి మొదట గోకుతుంది, కొరుకుతుంది, గింజుకుంటుంది. అనుకోకుండా గొళ్లెం కదిలి తలుపు తెరుచుకుంటుంది. మళ్లీ మళ్లీ పెడుతుంటే ఉత్త గింజులాట తగ్గిపోయి, తలుపు తెరిచే పని ఒక్కటే మిగులుతుంది. ఫలితం దొరికిన పని నిలిచింది. ఫలితం లేని పని రాలిపోయింది.

ఇప్పుడు మన ఇంట్లోకి వద్దాం. రాత్రి భోజనాల వేళ. చాలా ఇళ్లలో ఇంకా నేల మీదే కూర్చుని తింటాం. మన కంచం, కుక్క మూతి ఒకే ఎత్తులో ఉంటాయి. పొయ్యి మీదినుంచి చేపల పులుసు ఇప్పుడే దించారు. వాసన ఇల్లంతా ఉంది. కుక్క వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. మెల్లగా ముందు కాలు జరుపుతుంది. కుయ్యిమంటుంది. నాన్న "గమ్మునుండు" అంటాడు. అమ్మ "పో అవతలకి" అంటుంది. తాత మాత్రం ఎవరూ చూడకుండా పులుసన్నం ముద్ద ఒకటి పక్కకు జారుస్తాడు. ప్రేమ కొద్దీ చేస్తాడు. కానీ ఆ రాత్రి కుక్క నేర్చుకున్న పాఠం ఏమిటి? ఎంత కసిరినా కంచాల దగ్గరే ఉండాలి, చివరికి ముద్ద పడుతుంది అని.

ఇక్కడ ఇంకో మాట. రోజూ పడే ముద్ద కంటే, ఎప్పుడో ఒకరోజు పడే ముద్ద ఆ అలవాటును మరీ గట్టిపరుస్తుంది. ఈ విషయం మీద బి.ఎఫ్. స్కిన్నర్ అనే శాస్త్రవేత్త చాలా పనిచేశారు. రోజూ దొరికేది ఆగిపోతే జంతువుకు త్వరగా తెలిసిపోతుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియనిది ఆగిపోయినా, ఇవాళ కాకపోతే రేపు అని చూస్తూనే ఉంటుంది. అందుకే "ఎప్పుడో ఒకసారేగా పెట్టింది" అని తాత అంటే, సమస్యంతా ఆ ఒక్కసారిలోనే ఉంది. ఆదివారం ఒక్కరోజు పెట్టడం కంటే పెట్టకపోవడమే కుక్కకు తేలిక.

మరి ఏం చెయ్యాలి? మనం భోజనానికి కూర్చునే ముందే కుక్కకు దాని తిండి దాని గిన్నెలో పెట్టెయ్యండి. ఒక పాత గోనెసంచి తీసుకోండి. నాలుగు మడతలు పెట్టి, కంచాలకు దూరంగా, మనం కనిపించేచోట పరవండి. అది కుక్క చోటు. భోజనాల వేళ కాకుండా, పగలు తీరిగ్గా ఉన్నప్పుడు ఆ చోటు నేర్పించండి. గోనె మీద చిన్న తాయిలం పడెయ్యండి. కుక్క ఎక్కుతుంది. ఎక్కగానే ఇంకొకటి ఇవ్వండి. కూర్చుంటే ఇంకొకటి. దిగిపోతే ఏమీ అనొద్దు, ఏమీ ఇవ్వొద్దు. మళ్లీ ఎక్కితే మళ్లీ ఇవ్వండి. తాయిలం అంటే పెద్ద ముక్క అక్కర్లేదు. వేరుశనగ పప్పులో సగమంత చాలు. ఉప్పు, కారం వెయ్యకుండా ఉడికించిన కోడిమాంసం తునకైనా సరే, ఉడికిన గుడ్డు ముక్కైనా సరే. నాలుగు రోజుల్లో గోనె పరిస్తే తనే పోయి కూర్చోవడం మొదలుపెడుతుంది. అప్పుడు భోజనాల వేళకు తీసుకురండి. మొదట్లో ప్రతి రెండు ముద్దలకు ఒకసారి లేచి వెళ్లి గోనె మీదే తాయిలం పెట్టి రండి. మీ అన్నం చల్లారుతుంది, నిజమే. కొన్నాళ్లు పడాల్సిన శ్రమ అది. ఆ తర్వాత తాయిలాల మధ్య ఎడం పెంచుకుంటూ పోండి.

తాతకు కూడా ఒక దారి చూపించాలి. పెట్టొద్దని ఆయన్ను కసిరితే మనసు కష్టపెట్టుకుంటాడు. "తాతా, నువ్వు పెట్టు, కానీ గోనె మీద పెట్టు" అని చెప్పండి. ఆయన ప్రేమా నిలబడుతుంది, కుక్కకు పాఠమూ తప్పదు. అయితే చేపల పులుసు మాత్రం వద్దు. అందులో కారం ఉంటుంది, ఉప్పు ఉంటుంది, ముళ్లు ఉంటాయి. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తానికి చెరుపు చేస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా పెట్టకూడదు. ఉడికిన కోడి ఎముక పుల్లల్లాగా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ఇవి పెంపుడు కుక్క ఉన్న ప్రతి ఇంటికీ తెలియాలి.

ఇంకో సంగతి చెప్పాలి. ఇది చాలామందికి తెలియక మధ్యలో వదిలేస్తారు. కూలి ఆపిన మొదటి రోజుల్లో ఒక్కోసారి అల్లరి తగ్గదు, పెరుగుతుంది. నిన్నటిదాకా కుయ్యిమన్న కుక్క ఇవాళ మొరుగుతుంది. కాలితో మన చెయ్యి గోకుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన ఉపాయం ఇవాళ పనిచెయ్యలేదేమిటని ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. అప్పుడు విసిగిపోయి ఒక ముద్ద వేశామో, పోయింది. గట్టిగా మొరిగితే కూలి దొరుకుతుందని మనమే చెప్పినట్టు. ఆ రెండు మూడు రోజులు ఇంట్లోవాళ్లంతా ఓర్చుకోవాలి. గోల పెరిగిందంటే మీరు సరైన దారిలో ఉన్నారని గుర్తు.

ఇక గేటు దగ్గరి గోల. ఇది అన్నిటికంటే గట్టి అలవాటు. ఎందుకో చూద్దాం.

పొద్దున్నే చేపలామె వస్తుంది. నెత్తిమీద గంప. వీధి మొదట్లో కేక వేస్తుంది. కుక్క చెవులు నిక్కుతాయి. గేటు దాకా రాగానే మొరుగుడు మొదలు. "కుక్కను పట్టుకోమ్మా, అప్పుడు గంప దించుతా" అంటుంది ఆమె. పట్టుకున్నాం. బేరం అయింది. ఆమె వెళ్లిపోయింది. ఇప్పుడు కుక్క కళ్లతో చూడండి. నేను మొరిగాను. మనిషి వచ్చింది. నేను ఇంకా మొరిగాను. మనిషి పోయింది. అంటే నేనే తరిమేశాను! పాలబ్బాయి వస్తాడు, పోతాడు. పోస్టుమన్ వస్తాడు, పోతాడు. గ్యాస్ బండి వస్తుంది, పోతుంది. అందరూ వాళ్ల పని చూసుకుని వెళ్లేవాళ్లే. కానీ కుక్క లెక్కలో ప్రతిసారీ గెలుపు తనదే. రోజూ కూలి దొరుకుతూనే ఉంది. ఆ కూలి ఇస్తున్నది మనం కూడా కాదు, వెళ్లిపోయే మనిషి వీపు. ఇక ఆ కుక్క మొరగడం ఎందుకు మానుతుంది?

దీనికి తోడు మనం లోపలినుంచి "ఏయ్, గమ్మునుండ్రా" అని గట్టిగా అరుస్తాం. కుక్కకు ఆ మాట అర్థం కాదు, గొంతు అర్థమవుతుంది. మా యజమాని కూడా నాతో కలిసి అరుస్తున్నాడు అనుకుంటుంది. ఇద్దరూ కలిసి ఇంకా గట్టిగా మొరుగుతారు.

దీన్ని మార్చాలంటే కుక్కకు గేటు దగ్గర పని లేకుండా చెయ్యాలి. చేపలామె కేక వీధి మొదట్లో వినపడుతుంది కదా. అదే మనకు అదను. కుక్క ఇంకా మొరగలేదు. చెవులు మాత్రమే నిక్కాయి. ఆ క్షణంలోనే పిలవండి. గోనె దగ్గరికి తీసుకెళ్లండి. ఒక్కో తునక చొప్పున వేస్తూ ఉండండి. ఆమె ఉన్నంతసేపూ వేస్తూ ఉండండి. ఆమె వెళ్లగానే ఆపెయ్యండి. కొన్నాళ్లకు చేపలామె కేక వింటే కుక్క గేటు వైపు కాకుండా మీ ముఖం వైపు చూస్తుంది. ఆ చూపు కోసమే ఇదంతా. మొరగడం మొదలయ్యాక ఇస్తే లాభం లేదు. మొదలవకముందే ఇవ్వాలి. గుర్తుంచుకోండి, మొరగకముందే.

కాపలాకు కుక్క మొరగాలి కదా అని అడగొచ్చు. మొరగాలి. రెండు మూడుసార్లు మొరిగి, మనం వచ్చి చూడగానే ఆగాలి. మనిషి వచ్చి చూసినా ఆగని మొరుగుడు కాపలాకు పనికిరాదు. రోజంతా మొరిగే కుక్క నిజంగా దొంగ వచ్చిన రాత్రి మొరిగితే ఎవరు లేచి చూస్తారు?

మీదికి ఎగబడే అలవాటు కూడా మనం నేర్పిందే. రెండు నెలల పిల్ల మోకాళ్ల మీదికి ఎక్కితే ఎత్తుకుని ముద్దాడతాం. అదే పిల్ల ఏడాది తిరిగేసరికి ముప్పై కిలోలు అవుతుంది. తెల్ల పంచె కట్టుకుని పెళ్లికి బయల్దేరిన పెద్దాయన మీద బురద కాళ్లు పెడుతుంది. అప్పుడు తిడతాం. నిన్నటి కూలి ఇవాళ తప్పెందుకయిందో దానికెట్లా తెలుస్తుంది? ఎగిరినప్పుడు చేత్తో తోస్తే అది ఆట అనుకుంటుంది. తోయొద్దు. మాట్లాడొద్దు. వీపు తిప్పి నిలబడండి. నాలుగు కాళ్లూ నేలమీద ఆనగానే వంగి పలకరించండి. మళ్లీ ఎగిరితే మళ్లీ వీపు. వచ్చిన చుట్టాలకు కూడా ఇదే చెప్పండి. "పర్లేదులే, నాకు కుక్కలంటే ఇష్టం" అని ఎగిరే కుక్కను దగ్గరికి తీసుకునే చుట్టం ఒక్కరుంటే చాలు, వారం శ్రమ వృథా అవుతుంది.

ఇంట్లో అందరిదీ ఒకే మాట కావడం ముఖ్యం. ఒకరు "కూర్చో" అంటారు. ఒకరు "కూకో" అంటారు. బళ్లో చదివే పిల్లవాడు "సిట్" అంటాడు. కుక్క ఏ మాట పట్టుకోవాలి? ఏదో ఒకటి ఎంచుకుని అందరూ అదే అనండి.

చెప్పులు కొరకడం గురించి. ఇది అన్నిసార్లూ అల్లరి కాదు. కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి. నాలుగో నెల నుంచి అవి ఊడడం మొదలవుతుంది. ఆరేడు నెలలకు 42 గట్టి పళ్లు వస్తాయి. ఆ రోజుల్లో చిగుళ్లు దురద పెడతాయి, నొప్పి పెడతాయి. గడపలో విడిచిన రబ్బరు చెప్పు మెత్తగా ఉంటుంది, మన కాలి వాసన వేస్తుంది. పంటికి హాయిగా ఉంటుంది. కొరికిన చెప్పును ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. ఉంగరం పట్టీ దగ్గర నమిలి నమిలి పోగులు లేచి ఉంటాయి. ఒక్కోసారి ఆ రబ్బరులో బియ్యపు గింజంత తెల్ల పన్ను గుచ్చుకుని కనిపిస్తుంది. ఆ పన్ను చూశాక కర్ర ఎత్తబుద్ధి కాదు.

ఇక్కడ కూలి ఇస్తున్నది చెప్పే. చిగుళ్లకు దొరికే హాయే కూలి. కాబట్టి చెప్పులు ఎత్తుగా పెట్టండి. అంతకంటే మంచి హాయి ఇంకోచోట చూపించండి. పాత గుడ్డను గట్టిగా ముడివేసి, తడిపి, ఫ్రిజ్‌లో చల్లబరచి ఇవ్వండి. గుడ్డ చించి మింగకుండా దగ్గరుండి చూడండి. చెప్పు నోట్లో పెట్టుకుని పరిగెత్తితే వెంటపడొద్దు. మీరు వెంటపడితే అదొక ఆట. అది ఇంకా పెద్ద కూలి. తాయిలం చూపించి, చెప్పు వదలగానే తాయిలం ఇవ్వండి.

లాబ్రడార్ పెంచేవాళ్లకు ఈ బాధ ఎక్కువ. దానికి ఒక కారణం ఉంది. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్ల వెంట పనిచేసిన కుక్కలే లాబ్రడార్ల పూర్వీకులు. వలనుంచి జారిపోయిన చేపను నీళ్లలోకి దూకి నోటితో పట్టుకొచ్చేవి. ఇస్కపల్లిలాంటి జాలరి పల్లెల్లో పుట్టిన జాతి అనుకోండి. నోట్లో ఏదో ఒకటి పట్టుకుని తిరగడం వాటి రక్తంలో ఉంది. ఒక బంతి ఇచ్చి, విసిరి, తెమ్మనండి. చెప్పుల సంగతి సగం మర్చిపోతుంది. జర్మన్ షెపర్డు మందలు కాసిన కుక్కల సంతతి. 1899లో జర్మనీలో ఆ జాతిని ఒక పద్ధతిగా నమోదు చెయ్యడం మొదలుపెట్టారు. అది సైకిళ్ల వెంట, మేకల వెంట పడుతోందంటే తన పాత పని వెతుక్కుంటోందన్నమాట. రోజుకు రెండుపూటలా నడిపించకుండా దాన్ని వరండాలో కట్టేస్తే ఆ బలమంతా ఎక్కడికి పోతుంది? మన ఎండలకు, మన తేమకు మన ఊరకుక్కే మేలు అని నా అభిప్రాయం. తెలివికి తక్కువ కాదు, రోగాలు తట్టుకుంటుంది, ఉన్నదాంట్లో సర్దుకుంటుంది. డబ్బు పోసి కొనే ముందు వీధిలో పుట్టిన పిల్లను ఒకసారి చూడండి.

నేల తవ్వడం రోహిణి కార్తెలో ఎక్కువవుతుంది. చెట్టు మొదట్లో తడిమట్టి తవ్వి, అందులో పొట్ట ఆనించి పడుకుంటుంది. మనకు పట్టినట్టు దాని ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి చల్లార్చుకునే ముఖ్యమైన దారి. చల్లదనమే ఇక్కడ కూలి. నీడలో తడి గోనె పరిచి, పక్కన నీళ్ల తొట్టి పెడితే తవ్వే అవసరం తగ్గుతుంది.

ఇప్పుడు కొట్టడం గురించి మాట్లాడాలి. ఇది నేను మనసు పెట్టి చెబుతున్న మాట.

మనం పొలంనుంచి తిరిగొస్తాం. చాప చింపి ఉంటుంది. కుక్కను పిలుస్తాం. చాప చూపించి రెండు తగిలిస్తాం. కుక్క తోక ముడుచుకుని, చెవులు వాల్చి, కళ్లు పక్కకు తిప్పుతుంది. "చూశావా, తప్పు చేశానని దానికి తెలుసు" అంటాం. అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే శాస్త్రవేత్త 2009లో ఈ సంగతే పరీక్షించి చూశారు. తప్పు చెయ్యని కుక్కను యజమాని తిట్టినా అదే ముఖం పెట్టింది. ఆ ముఖం తప్పు వల్ల వచ్చింది కాదు, తిట్టు వల్ల వచ్చింది. మన కోపానికి భయపడిన ముఖం అది.

కుక్క ఒక పనికీ దాని ఫలితానికీ ముడిపెట్టుకునేది ఒకటి రెండు క్షణాల్లోనే. చాప చింపింది మధ్యాహ్నం. దెబ్బ పడింది సాయంత్రం. దెబ్బకు ముందు అది చేసిన పని ఏమిటి? పిలిస్తే వచ్చింది. అంటే పిలిస్తే వచ్చినందుకు దెబ్బ పడింది. రేపటినుంచి పిలిస్తే రాదు. అప్పుడు మొండిది అంటాం.

మన ఆంధ్రమహాభారతం ఆదిపర్వంలో సరమ కథ ఉంది. నన్నయ్య గారు తెలుగులో చెప్పారు. జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ అనే దేవశునకం కొడుకు, చిన్న కుక్కపిల్ల, ఆడుకుంటూ ఆ చోటికి వచ్చింది. రాజు తమ్ముళ్లు దాన్ని కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. సరమ నేరుగా జనమేజయుడి ముందుకొచ్చి అడిగింది, ఏ తప్పూ చెయ్యని నా బిడ్డను ఎందుకు కొట్టారని. రాజు దగ్గర జవాబు లేదు. ఊహించని భయం మీకు కలుగుతుందని చెప్పి ఆ తల్లి వెళ్లిపోయింది. అంత పెద్ద కావ్యం మొదట్లోనే ఒక కుక్క తల్లి న్యాయం అడిగింది. ఎందుకు కొడుతున్నారో తెలియని పిల్లను కొట్టడం అన్యాయమని మన పెద్దలు అప్పుడే చెప్పారు.

ఇల్లు పాడుచేసే పిల్ల విషయంలో కూడా ఇదే. మూతి పట్టి అందులో రాయడం క్రూరత్వం. రెండు మూడు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే బయటికి తీసుకెళ్లండి. పని కాగానే అక్కడే తాయిలం ఇవ్వండి. ఇంట్లోకి వచ్చాక ఇస్తే ఇంట్లోకి వచ్చినందుకు ఇచ్చినట్టవుతుంది.

జాతర డప్పులకు, దీపావళి టపాసులకు వణుకుతూ, తలుపులు గోకే కుక్కను అల్లరి కింద జమకట్టకండి. అది భయం. లోపలి గదిలో, మంచం కింద దాక్కోనివ్వండి. పక్కన ఒకరు కూర్చోండి. చాలు.

రొయ్యల గుంటల కాడ కుక్కలు పెట్టుకున్న రైతులకు ఒక విన్నపం. పగలంతా పొట్టి గొలుసుకు కట్టి, రాత్రి వదిలేస్తుంటారు. పగలల్లా కట్టేసిన కుక్క మొరుగుడు పెరుగుతుంది, కోపం పెరుగుతుంది, చివరికి తిండి పెట్టే కూలివాణ్ణే కరుస్తుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం లేకుండా చెయ్యడం నేరం. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నడిపించండి. గట్ల మీద మాత్రం వదలకండి. ఒక గుంటలో దిగిన తడి కాళ్లతో ఇంకో గుంటలో దిగితే రోగం కూడా దాని వెంట పోవచ్చు. ఎండ్రకాయలు రాకుండా వల కంచె కట్టుకునే రైతు కుక్కను ఎట్లా మర్చిపోతాడు?

చివరిగా కొరకడం. పిల్లగా ఉన్నప్పుడు ఆటలో వేళ్లు కొరుకుతుంది. పిల్లలు కేరింతలు కొడుతూ పరిగెడతారు. ఆ పరుగే దానికి కూలి. పంటి మొన తగలగానే ఆట ఆపి లేచి నిలబడమని పిల్లలకు నేర్పండి. కాసేపాగి మళ్లీ ఆడమనండి. తింటున్న కుక్క దగ్గరికి, నిద్రపోతున్న కుక్క దగ్గరికి, పిల్లలతో ఉన్న తల్లి కుక్క దగ్గరికి పోవద్దని కూడా నేర్పండి. నెమ్మదిగా ఉండే కుక్క ఉన్నట్టుండి కసురుతుంటే, ముట్టుకోనివ్వకపోతే అది అల్లరి కాదు. చెవిలో పోటు ఉండొచ్చు, పిడుదుల వల్ల జ్వరం ఉండొచ్చు. పశువుల డాక్టరుకు చూపించండి.

ఆటలో గీసుకుపోయినా, పన్ను దిగినా, పెంపుడు కుక్కే కదా అని ఊరుకోకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. ముందు జాగ్రత్త పడితే మాత్రం నూటికి నూరుపాళ్లు ఆపగలిగిన జబ్బు. గాయాన్ని వెంటనే పంపు కింద పెట్టి, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి ఏవీ పెట్టకండి. అదేరోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. డాక్టరు చెప్పిన సూదులన్నీ, చెప్పిన తేదీల్లో వేయించుకోండి. మధ్యలో మానొద్దు.

1885 జూలై 6న ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ కుక్క కరిచిన ఒక బాలుడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించారు. ఆ రోజును ఇప్పుడు జంతువులనుంచి మనుషులకు సోకే వ్యాధుల దినంగా జరుపుతున్నారు. ఆ సందర్భంగా మన పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. మీ పిల్లకు మూడు నెలలు నిండాయా? అయితే జూలై దాకా ఆగొద్దు. ఈ వారమే తీసుకెళ్లండి. టీకా వేయించండి. వాళ్లిచ్చే కార్డు భద్రంగా దాచుకోండి. ఏడాదికోసారి ఆ కార్డు తీసి చూసుకుని మళ్లీ వేయించండి. సూది వేసేటప్పుడు జేబులో నాలుగు తాయిలాలు మర్చిపోకండి.